ఖుత్బ్ అన్న మాట కోసం

పీరయ్య సౌదీలోని ఉనైజాలో పదకొండేళ్లు మోటార్లు చుట్టాడు. ఆ పదకొండేళ్లూ ఆయన ఇఖామా మీద, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు మీద, వృత్తి అన్నచోట, గొర్రెల కాపరి అనే రాసి ఉంది. గొర్రెను దగ్గర నుంచి చూసింది పండగ రోజు పళ్లెంలోనే అని నవ్వేవాడు. ఆ నవ్వు రెండువేల పదమూడు ఏప్రిల్ దాకా సాగింది.

ఆయనది కోరుట్ల. పద్మశాలీల ఇల్లు. పీరీల పండగకు తల్లి మొక్కుకుంటే పుట్టాడు కనుక పీరయ్య. తండ్రి మగ్గం మూలబడ్డాక, కండెలు చుట్టిన చేతులతోనే బస్టాండు వెనక ఒక మోటార్ల షాపులో రాగి తీగ చుట్టడం నేర్చుకున్నాడు. ఆ వైపు ఎండాకాలం వస్తే బోరు మోటార్లు కాలిపోవడం మామూలే. కాలిన మోటారు వాసన చూసి తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగేవాడని పేరు. ఏజెంటు తెచ్చిన వీసా మీద కాపరి అని ఉన్నా, కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, అబూ నాసిర్‌కు నిజంగా కావలసింది మోటార్లు చుట్టేవాడే. ఆయనకు ఓ చిన్న మంద ఉండేది, దాని పేరున వీసా దొరికింది. పీరయ్యను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా షాపుకే తీసుకొచ్చాడు.

ఉనైజా అంటే ఖర్జూరపు తోటలు. తోటలంటే నీళ్లు, నీళ్లంటే పంపులు. పీరయ్యకు పని లేని రోజు లేదు. అరబ్బీ కూడా షాపులో సరిపోయేంత వచ్చేసింది. 'జీబ్' అంటే తీసుకురా, 'ఖర్బాన్' అంటే పాడైంది, 'బుక్రా' అంటే రేపు. అంతకుమించి అవసరం పడలేదు.

ఆ ఏడు నితాఖాత్ అనే నియమం గట్టిగా పట్టుకుంది. దేశంలోని షాపులూ కంపెనీలూ సౌదీ మనుషుల్ని ఎంతమందిని పనిలో పెట్టుకున్నాయో లెక్క చూసి రంగులు వేశారు. అబూ నాసిర్ షాపుకు ఎరుపు పడింది. ఎర్ర షాపులో పనిచేసేవాడి ఇఖామా రెన్యువల్ కాదు. కార్డు మీద ఒక పని రాసి ఉండగా ఇంకో పని చేస్తూ దొరికితే పట్టుకుని పంపేస్తారు. గడువు మూడు నెలలన్నారు, తర్వాత నవంబరు దాకా పొడిగించారు. ఆ గడువులో ఎవరైనా కొత్త కఫీలు దగ్గరికి మారవచ్చు, కార్డు మీద వృత్తినీ దిద్దుకోవచ్చు.

పీరయ్య గదిలో ఉన్న ఆరుగురిలో నలుగురు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో రమేష్ అనే పెయింటరు అడిగాడు.

"అన్నా, నువ్వేం జేస్తవ్?"

"నేను గొర్లకాపరిగ వచ్చిన. గొర్లకాపరిగ పోను" అన్నాడు పీరయ్య. "నా పని పేరు నా కార్డు మీద పడాలె. పడినంక పొమ్మంటే పోత."

ఊరి అవతల ఒక పెద్ద తోటల కంపెనీ ఉంది. పచ్చ రంగు కంపెనీ. వాళ్ల పంపుల విభాగంలో ఒక టెక్నీషియన్ కావాలని తెలిసి పీరయ్య వెళ్లాడు. అక్కడి ఇంజనీరు తాహా సూడాన్ మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడేవాడు. కాలిపోయిన ఒక మోటారు ముందు పెట్టి చుట్టమన్నాడు. సాయంత్రానికల్లా పీరయ్య చుట్టి, వార్నిష్ పోసి, తిప్పి చూపించాడు. తాహా చేత్తో తడిమి తలూపాడు. తర్వాత ఒక డ్రాయింగు పరిచి అరబ్బీలో అడిగాడు.

"ఇందులో ఖుత్బ్‌లు ఎన్ని?"

పీరయ్యకు అర్థం కాలేదు. మోటార్లలో ఆయనకు రెండు రకాలే తెలుసు: నిమిషానికి ముప్పై నాలుగు వందల చుట్లు తిరిగేది, పదిహేడు వందలు తిరిగేది. ఖుత్బ్ అన్న మాట ఆయన విన్నది ఒకేచోట. కొంచెం ఆలోచించి, వచ్చిన అరబ్బీలో జవాబిచ్చాడు.

"ఖుత్బ్ ఇక్కడ లేదు. ఢిల్లీలో ఉంది."

చుట్టూ ఉన్న పాకిస్తానీ మెకానిక్కులు పొట్టలు పట్టుకుని నవ్వారు. తాహా నవ్వలేదు.

"నీ చేయి మంచిది" అన్నాడు. "కానీ టెక్నీషియన్ అని రాసి, ఇద్దరిని నీ కింద పెడితే, నువ్వు ఈ కాగితం చదవాలి. నేను చెప్పింది నీకు, నువ్వు చెప్పింది నాకు అర్థం కావాలి. మూడు వారాలు ఈ చోటు ఖాళీగా ఉంచుతాను. అప్పటికి నేర్చుకుని రా."

తిరిగి వచ్చే దారిలో ఆ నవ్వే చెవుల్లో మోగిందని పీరయ్య నాతో అన్నాడు. అప్పట్లో నేను పక్కనున్న బురైదాలో ఒక ఆసుపత్రిలో యంత్రాల ఇంజనీరుని. ఈ సంగతులన్నీ తర్వాత ఆయన నోటా, అబ్దుల్ ఖాదర్ గారి నోటా విన్నవే.

అబ్దుల్ ఖాదర్ ఖర్జూరాలు పెట్టెల్లో సర్దే ఒక షెడ్డులో స్టోర్‌కీపర్. యాభై ఎనిమిదేళ్లు. అంతకు ముందు బోధన్‌లో ఒక ప్రైవేటు ఉర్దూ మీడియం బడిలో పద్దెనిమిదేళ్లు సైన్సు చెప్పాడు. బడి మూతపడ్డాక ఇటు వచ్చాడు. పీరయ్య ఆయన దగ్గరికి వెళ్లి జరిగింది దాచకుండా చెప్పాడు.

"సాబ్, నాకు ఆ మాటలన్ని నేర్పాలె. మూడు వారాలే ఉన్నయ్."

మధ్యాహ్నం ఎండకు ఉనైజా అంతా తలుపులు వేసుకుంటుంది. జొహర్ నమాజు నుంచి పొద్దు వాలే వేళ అసర్ నమాజు దాకా షాపులు మూతే. ఆ వేళలో, ఖర్జూరపు పెట్టెల మధ్య, ఇద్దరూ కూర్చునేవారు. మొదటి రెండు రోజులూ ఖాదర్ మాటలు రాసిచ్చాడు. మఘ్నాతీస్ అంటే అయస్కాంతం. ఖుత్బ్ అంటే ధ్రువం. జజ్బ్ అంటే ఆకర్షణ. తనాఫుర్ అంటే వికర్షణ. పీరయ్య తెలుగులో రాసుకుని బస్సులోనూ, అన్నం తింటూనూ వల్లించాడు. మూడో రోజుకు ఒక్కటీ గుర్తులేదు.

"నా బుర్రకు ఎక్కుతలేవు సాబ్. రాగి తీగ అయితే చేతికి తెలుస్తది. ఈ మాటలు ఏ చేతికీ తెలుస్తలేవు."

ఖాదర్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "మీ ఇంట్ల ఇసుర్రాయి ఉండెనా?"

"ఉండె. మా అమ్మ పెసర్లు ఇసురుతుండె."

"కింది రాయి నడిమిట్ల ఇనుప కీల ఉంటది గదా? పైరాయి దేని చుట్టు తిరుగుతది?"

"ఆ కీల చుట్టే."

"అరబ్బుల భాషల ఆ కీలనే ఖుత్బ్ అన్నరు. సైన్సు గియిన్సు తర్వాత. వాళ్లు ఎడారిల పండుకుని ఆకాశం చూసిండ్రు. చుక్కలన్ని తిరుగుతున్నయ్, ఒక్క తావు మాత్రం తిరుగుతలేదు. అరె, ఆకాశం గూడ ఇసుర్రాయే, ఆ తావే దాని కీల అనుకున్నరు. దానికీ ఖుత్బ్ పేరే పెట్టిండ్రు. మన దిక్కు దాన్నే ధ్రువం అన్నరు. ధ్రువం అంటే కదలనిది. తర్వాత సూదంటురాయి దొరికింది. దాన్ని దారానికి కడితే ఒక కొస ఆకాశంల ఆ కీల దిక్కు చూస్తున్నది. అందుకని రాయి కొసలకు గూడ ఆ పేరే వచ్చింది. ఆ రాయి గుణమే నీ మోటార్ల కరెంటుతోని పుట్టిస్తున్నం. పేరు గూడ దాంతోని నడుచుకుంట మోటర్లకు వచ్చింది." ఆగి, నవ్వాడు. "పీర్లల్ల అందరికంటె పెద్ద పీరును గూడ కుతుబ్ అంటరు. లోకం ఆయన చుట్టు తిరుగుతదని. నీ పేరుకు ఆ మాట చుట్టమే, పీరయ్యా."

ఆ రోజుతో చదువు దారి మారిపోయింది. పీరయ్య ప్రతి మాటనూ పట్టుకుని, ఇది అంతకు ముందు ఎక్కడుండేది అని అడగడం మొదలుపెట్టాడు. సూదంటురాయి అంటే సూదిని అంటించుకునే రాయి, అది ఆయనకు తెలుసు. అయస్కాంతంలో అయస్సు అంటే ఇనుమనీ, కాంత అంటే ఇష్టమైనదనీ తెలియదు. "అంటే ఇనుము దాన్ని ఇష్టపడ్డదన్నట్టు" అని చాలాసేపు తలూపాడు. మఘ్నాతీస్ గ్రీకుల మాటనీ, ఆ రాయి దొరికిన ఒక సీమ పేరు మీద వచ్చిందని అంటారనీ ఖాదర్ చెప్పాడు.

తర్వాత కహ్రబా దగ్గరికి వచ్చారు. కరెంటుకు అరబ్బీ మాట. ఉనైజాలో రోజుకు వందసార్లు వినే మాట.

"ఇది ఫార్సీల నుంచి వచ్చింది" అన్నాడు ఖాదర్. "కాహ్ అంటే గడ్డి. రుబా అంటే దోచేది. గడ్డిదొంగ. ఎండిపోయిన చెట్టు జిగురు రాయి లెక్క గట్టిపడ్తది, దండలు చేస్తరు. దాన్ని గుడ్డకు రుద్దితే గడ్డిపోచల్ని గుంజుతది. ముందుగాల కహ్రబా దాని పేరు. కరెంటు వచ్చినంక దీనికిచ్చిండ్రు."

"మరి రెండూ గుంజేటియే గదా? సూదంటురాయి, ఈ గడ్డిదొంగ. రెండూ ఒకటేనా?"

"శానా ఏండ్లు ఒకటే తీరుగ చెప్పుకున్నరు. నాలుగు వందల ఏండ్ల కింద ఇంగ్లండుల ఒక డాక్టరు కూసోని రెండిటిని వేరు చేసిండు. గడ్డిదొంగ గుంజుతది, గడ్డి గుంజదు అన్నడు. సూదంటురాయి అట్ల కాదు. ఇనుము దాని దిక్కు ఎంత పోతదో అది గూడ ఇనుము దిక్కు అంత వస్తది. రెండూ కలుసుకుంటయ్. అందుకని దీనికి గుంజుడు అన్న మాట సరిపోదు, కలుసుడు అనాలె అని వేరే మాట పెట్టిండు. గడ్డిదొంగ సంగతిల ఆయన చెప్పింది నిలువలేదు, గడ్డి గూడ గుంజుతదని తర్వాత తేలింది. సూదంటురాయి సంగతి మాత్రం నిలిచింది."

పీరయ్య నమ్మలేదు. ఇనుమే అయస్కాంతం దగ్గరికి పోవడం తప్ప అది రావడం ఆయన చూడలేదు. మర్నాడు షాపులో ఒక తొట్టి నిండా నీళ్లు పోశాడు. రెండు థర్మోకోల్ ముక్కలు తెచ్చి, ఒకదాని మీద అయస్కాంతం, ఒకదాని మీద అంతే బరువున్న ఇనుప ముక్క పెట్టి వదిలాడు. రెండూ కదిలాయి. తొట్టి మధ్యలో వచ్చి తాకాయి. ఇనుమును వేలితో ఆపి పట్టుకుంటే అయస్కాంతమే తేలుతూ వచ్చింది. అది చూసి పీరయ్య ఒక్కడే షాపులో గట్టిగా "వస్తున్నది, వస్తున్నది!" అని అరిచాడు.

ఆ అరుపుకు అబూ నాసిర్ లోపలి నుంచి వచ్చాడు. ఆయన ఇంకో కంపెనీ సంగతి విన్నాడు కానీ పైకి అనలేదు. నొచ్చుకున్నాడని మాత్రం తెలుస్తూనే ఉంది. తొట్టి చూసి విసుగ్గా, "ఎందుకీ తిప్పలు?" అన్నాడు. "మా చిన్నాన్న కొడుక్కి మంద ఉంది. వాడి పేరు మీద కాపరిగానే మార్పిస్తాను. ఇక్కడే ఉండు, పని మామూలే. ఎవరు చూస్తారు?"

పీరయ్యకు ఆ మాట తేలిక దారిలా కనిపించిన మాట నిజమే. పరీక్ష లేదు, నవ్వులపాలవడం లేదు. కానీ రోజూ తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతూ బతకాలి.

"బాబా" అన్నాడు. "నువ్వు నన్ను మంచిగా చూశావు. కానీ నేను కాపరిని కాను."

అబూ నాసిర్ కుర్చీలో కూర్చుని ప్రార్థన పూసల దండ తిప్పసాగాడు. వాళ్ల నాన్న చేతి దండ అది, తేనెరంగు పూసలు. పీరయ్య చూపు దాని మీద పడింది.

"బాబా, ఇది ఏ రాయి?"

"కహ్రమాన్. రాయి కాదు, చెట్టు జిగురు."

పీరయ్య చేయి చాచాడు. ఆయన సందేహిస్తూనే ఇచ్చాడు. పెద్ద పూసను మోటార్లు తుడిచే ఉన్ని గుడ్డకు గట్టిగా రుద్ది, సామాను పెట్టెలోంచి రాలిన ఎండు గడ్డి పొట్టు మీద పట్టాడు. పొట్టు లేచి పూసకు అతుక్కుంది. అబూ నాసిర్ ముందుకు వంగాడు.

"నీ కహ్రమాన్ నుంచే కహ్రబా అన్న పేరు వచ్చింది బాబా. గడ్డిని దొంగిలించేది అని."

"ఎవరు చెప్పారు నీకు?"

"నేర్చుకుంటున్నాను."

అబూ నాసిర్ దండ తీసుకుని తనే రుద్దాడు, తనే పట్టాడు. మూడుసార్లు. అరవై ఏళ్లుగా చేతిలో తిరుగుతున్న పూసలు అలా చేస్తాయని ఆయనకూ తెలియదట. ఆ తర్వాత కాపరి ఊసు మళ్లీ ఎత్తలేదు.

శుక్రవారం పీరయ్య ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సునీత బీడీలు చుడుతుంది. పదో తరగతి దాకా చదివింది. పెద్దబిడ్డ సైన్సు పుస్తకంలో అయస్కాంతం పాఠం తీసి చదవమన్నాడు. ఆమె ఆకు కత్తిరింపు పక్కన పెట్టి చదివింది.

"సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి. విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. అంటే ఉత్తరం ఉత్తరం పడదు, ఉత్తరం దక్షిణం కలుస్తయ్. గిదంత నీకిప్పుడెందుకు?"

"మళ్ల చదువు."

ఆమె మళ్లీ చదివింది. అటు పీరయ్య ఆ వాక్యాలను తనూ ఒకసారి పలికి చూశాడు. తర్వాత, "సునీతా, ఇది కుదరదే" అన్నాడు. "సూది ఉత్తరపు మొన ఉత్తరం దిక్కే పోతది గదా. ఉత్తరానికి ఉత్తరం పడదంటే ఎట్ల పోతది?"

"పుస్తకంల గట్లనే ఉన్నది మరి" అందామె.

ఆ ప్రశ్న పట్టుకుని ఆయన ఖాదర్ దగ్గరికి పరుగెత్తాడు. ఖాదర్ విని, పెట్టె మీంచి లేచి నిలబడ్డాడట. పద్దెనిమిదేళ్ల నౌకరీలో ఈ ప్రశ్న ముగ్గురు పిల్లలే అడిగారని నాతో చెప్పాడు.

"ఆ ఇంగ్లండు డాక్టరు గూడ ఇదే చెప్పిండు, పీరయ్యా! భూమే ఒక పెద్ద సూదంటురాయి అన్నది ఆయనే. ఉత్తరం దిక్కు తిరిగే మొనను దక్షిణం అని పిలిచిండు. లోకం వినలే. ఓడలోళ్లకు ఉత్తరం చూపించేది ఉత్తరమే. ఇప్పుడు ఉత్తరం అంటే ఉత్తరాన్ని వెతికేది అని అర్థం చేసుకోవాలె. మాట పాతదే, అర్థమే సర్దుకున్నది."

"అంటే పెద్దోళ్లు గూడ పేర్ల కాడ కొట్లాడిండ్రన్నట్టు."

"కొట్లాడుడే సైన్సు" అన్నాడు ఖాదర్.

ఆ రోజు నుంచి మాటలు పీరయ్యకు బరువనిపించలేదు. మిగిలిన రోజుల్లో డ్రాయింగు చదవడం నేర్చుకున్నాడు. ఖాదర్ తన నమాజు దిక్సూచి ఇచ్చాడు. మోటారు చుట్టలకు బ్యాటరీ తగిలించి, లోపలి గాడుల వెంట దాన్ని నడిపిస్తే ప్రతి ఖుత్బ్ దగ్గరా ముల్లు తిరగబడేది. పదిహేడు వందల మోటారులో నాలుగుసార్లు, ముప్పై నాలుగు వందల దానిలో రెండుసార్లు. తాను వేల మోటార్లు చుట్టిన చోట ఇన్నాళ్లూ దాగున్నది ఇదేనా అనుకున్నాడు.

మూడు వారాలు నిండిన రోజు వెళ్తుంటే అబూ నాసిర్ తన బండి తీశాడు. "ఎక్కు" అన్నాడు. కంపెనీ గేటు దాకా తీసుకెళ్లి దించాడు.

తాహా ఈసారి ఒక మోటారు ముందుపెట్టాడు. కొత్తగా చుట్టిందే, కానీ తిరగదు, మూలుగుతుంది. నవ్విన మెకానిక్కులు మళ్లీ చేరారు.

"చుట్టలు విప్పకుండా చెప్పు. తప్పు ఎక్కడ?"

పీరయ్య లోపల తిరిగే రోటరును బయటికి తీయించి, చుట్టలకు బ్యాటరీ తగిలించాడు. జేబులోంచి దిక్సూచి తీసి గాడుల వెంట నెమ్మదిగా నడిపించాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అనుమానం తీరడానికి మూడో చుట్టు.

"ఇది నాలుగు ఖుత్బ్‌ల మోటారు" అన్నాడు అరబ్బీలో. "ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని ఉండాలి. ఇక్కడ ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, మళ్లీ ఉత్తరం. నాలుగో చుట్ట కొసలు తారుమారు చేసి కలిపారు. పక్కపక్కన ఒకే ఖుత్బ్ ఉంటే తనాఫుర్. అందుకే మూలుగు."

తాహా ఇంకా ప్రశ్నలు వేశాడు. ఒకచోట పీరయ్య తడబడ్డాడు, ఒక మాటకు ఉర్దూ వాడాడు, ఒకటి తెలియదని ఒప్పుకున్నాడు. చివరకు నాలుగో చుట్ట కొసలు మార్చి కలిపితే మోటారు గిర్రున తిరిగింది. మెకానిక్కుల్లో పెద్దవాడు "షాబాష్ ఉస్తాద్" అన్నాడు. తాహా మాత్రం, "ఆ తెలియని మాట రేపు నేను చెబుతాను" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

లేబర్ ఆఫీసు దగ్గర ఆ నెలల్లో నేల ఈనినట్టు జనం. పీరయ్య తెల్లారకముందే వెళ్లి వరుసలో నిలబడేవాడు. ఒకసారి కాగితం చాలదన్నారు, ఒకసారి సిస్టం పనిచేయదన్నారు. ఏడుసార్లు తిరిగాడు. సెప్టెంబరులో కొత్త కార్డు చేతికొచ్చింది. అరబ్బీ చదవడం రాకపోయినా అక్షరాలన్నీ వేలితో తడిమి, ఖాదర్ చేత గట్టిగా చదివించుకున్నాడు. ఫన్నీ కహ్రబా. విద్యుత్ టెక్నీషియన్.

ఖాదర్‌కు మాత్రం అలాంటి అదృష్టం పట్టలేదు. ఆయన షెడ్డుకూ ఎరుపే పడింది. వయసు చూసి ఎవరూ తీసుకోలేదు. అక్టోబరులో ఎగ్జిట్ మీద బోధన్ వెళ్లిపోయాడు. పీరయ్య బురైదా ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, లైనులో ఆయన పెట్టె మోశాడు. తాను నిలబడడానికి సాయం చేసిన మనిషే నిలవలేకపోవడం ఆయనకు చాలా కాలం మింగుడుపడలేదు. ఆ ఏడు చివర్లో సెలవు మీద వెళ్లినప్పుడు కోరుట్లకు ముందు బోధన్‌లో దిగాడు.

కంపెనీలోనూ అంతా సాఫీగా లేదు. రెండువేల పద్దెనిమిదిలో విదేశీ పనివాళ్ల మీద కంపెనీలు కట్టే లెవీ పన్ను పెంచారు. పంపుల విభాగంలో పదకొండు మందిని నలుగురికి తగ్గించారు. తాహా కూడా వెళ్లిపోయాడు. కొత్త మేనేజరు పీరయ్యను పిలిచి, తోట కూలీగా పేరు మార్చుకుంటే ఉంచుతానన్నాడు. జీతం తక్కువ, పని అదే.

"పని తీసెయ్యండి, పోత" అన్నాడు పీరయ్య హిందీలో. "పేరు తియ్యనియ్య."

నెల రోజులు ఏమీ తేలలేదు. పీరయ్య సామాను సర్దుకున్నాడు కూడా. ఆ జూన్‌లో ఒకే వారంలో ఐదు పంపులు కాలాయి. ఖర్జూరం గెలలు రంగు తిరుగుతున్న సమయం, నీళ్లు తప్పనిసరి. బయట చుట్టించడానికి ఊళ్లో షాపులు మిగల్లేదు, ఐదింటినీ పీరయ్యే చుట్టాడు. మేనేజరు మళ్లీ పిలవలేదు, కార్డు మాత్రం అదే పేరుతో రెన్యువల్ అయి వచ్చింది. వెళ్లిపోయిన ఏడుగురిలో ఇద్దరు ఆయన నేర్పిన మనుషులే. వాళ్ల సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

నేను విశాఖ వచ్చేసి చాలా కాలమైంది. మొన్న ఇది రాయడానికి ఓ వివరం కావలసి ఉనైజాకు పీరయ్యకు ఫోన్ చేస్తే, వెనకాల లారీ చప్పుడు.

"సార్, మోటర్ దించుతున్నరు, నూట ఇరవై హార్స్‌పవర్‌ది. గంట ఆగి చెయ్యుండ్రి" అని పెట్టేశాడు.